180 రూపాయల బాకీ

సంపాదకుల గారికి నమస్కారం.

పర్లాకిమిడిలో మాది చిన్న కిరాణా కొట్టు. మొన్న కూల్‌డ్రింకుల ఫ్రిజ్ కోసం లోనుకు వెళ్తే, సిబిల్ స్కోరు (అప్పులు ఎలా తీర్చామో చూసి ఇచ్చే మార్కులు) తక్కువుందని తిప్పి పంపారు. నేనెవరికీ బాకీ లేనే! రిపోర్టు తీయిస్తే, ఎప్పుడో వాడటం మానేసిన క్రెడిట్ కార్డు మీద 180 రూపాయలు మిగిలిపోయాయట. గడువు మెసేజ్‌లన్నీ పాత నంబరుకు వెళ్లాయి. ఆ సిమ్ ఏనాడో పారేశాం.

కరెంటు బిల్లు మాత్రం ఒక్కరోజు కూడా ఆగనివ్వను, లైను పీకేస్తారని టెన్షన్. తీరా చూస్తే అది మామూలుగా ఈ లెక్కలోకే రాదు! 300 నుంచి 900 దాకా ఉండే ఈ స్కోరును ఎక్కువగా కదిలించేది కార్డులు, వాయిదాలు గడువుకు కట్టామా లేదా అన్నదే.

రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఈ స్కోరు, రిపోర్టు తయారుచేసే ప్రతి సంస్థ (క్రెడిట్ బ్యూరో) ఏటా ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తప్పుందని ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో తేల్చాలి, ఆపైన రోజుకు 100 రూపాయల పరిహారం. ఈ సంగతి నాకు కౌంటరు దగ్గర ఎవరూ చెప్పలేదు. నా చేతికొచ్చిన రిపోర్టేమో ఇంగ్లీషులో ఉంది. సరిహద్దులో ఉన్న మాలాంటి తెలుగువాళ్ల కోసం, దాన్ని చదివే పద్ధతిని మీ పత్రికలో వరుసగా నాలుగు వారాలు వేయగలరా?

— ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా