సియాటిల్ ఇంజనీరు మేయర్ వ్యాసానికి చేయి వేసిన అందరికీ కృతజ్ఞతలు

జార్జ్ కాటెరిల్ మీద వ్యాసం పూర్తయింది. పద్దెనిమిదేళ్ల వయసులో, 1884లో అమెరికాలోని సియాటిల్ చేరి, సర్వే పనులు చేసి, 1892 నుంచి సహాయ సిటీ ఇంజనీరుగా ఉండి, 1912లో అదే ఊరికి మేయరైన మనిషి ఆయన. మీ సాయం లేకపోతే ఇందులో సగం తప్పులే ఉండేవి.

ముందుగా ప్రజారోగ్య ఇంజనీరింగ్ శాఖలో చేసి రిటైరైన పెద్దలకు నమస్కారాలు. సియాటిల్‌కు నీళ్లు తెచ్చిన సెడార్ నది పథకం రోజుకు 2.3 కోట్ల గ్యాలన్లు. మనకు అలవాటైన బ్రిటిష్ గ్యాలన్ 4.546 లీటర్లు. దానితో లెక్క కడితే దాదాపు 105 ఎంఎల్‌డీ (రోజుకు పది లక్షల లీటర్లు ఒక ఎంఎల్‌డీ) వస్తుంది. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లే కాబట్టి అసలు అంకె 87. ఆ పొరపాటు పట్టుకున్నది వారే.

ఆ పథకంలో నీళ్లు తెచ్చిన చెక్క పైపు సంగతి విడమరిచి చెప్పిందీ వారే. పొడవాటి పలకల్ని పీపాలా గుండ్రంగా పేర్చి, చుట్టూ ఉక్కు కడ్డీలు వేసి నట్లతో బిగిస్తారు. నీటి ఒత్తిడిని మోసేది చెక్క కాదు, కడ్డీ. అందుకే ఒత్తిడి పెరిగేచోట కడ్డీలు దగ్గరదగ్గరగా పడాలి. పలకలు నాని ఉబ్బితేనే సందులు మూసుకుంటాయి. పైపు నిండుగా పారకపోతే పై పలకలు ఆరుతూ తడుస్తూ కుళ్లిపోతాయి.

మునిసిపల్ అకౌంట్సులో పనిచేసిన పెద్దాయనకు ప్రత్యేక ధన్యవాదాలు. కాటెరిల్ అసలు గొప్పదనం పైపుల్లో కాదు, పద్దులో ఉందని చూపించింది ఆయనే. 1889 జూన్ 6న సియాటిల్ అగ్నిప్రమాదంలో ప్రైవేటు నీటి కంపెనీ సన్న గొట్టాలకు ఒకేసారి బోలెడు హోసులు తగిలించేసరికి ధార పడిపోయింది. నెల తిరగ్గానే జనం 1,875–51 ఓట్లతో ఊరికి సొంత నీటి పథకం కావాలన్నారు. ఊరు చేసే అప్పుకేమో చట్టం పరిమితి పెట్టింది. నీటి రాబడి నుంచి మాత్రమే తీర్చే బాకీ ఊరి అప్పు కిందకు రాదని అదే రాష్ట్రంలోని స్పోకేన్ నగరం కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. కాటెరిల్ ఆ తీర్పునే పట్టుకున్నారు. 12.5 లక్షల డాలర్ల ప్రతిపాదన 1895 డిసెంబరులో ఓటింగులో నెగ్గింది, 1901 జనవరి 10న నీళ్లొచ్చాయి. ఈ పద్ధతిలో నీటి పన్ను వసూలు మందగిస్తే ఆస్తి పన్ను నుంచి సర్దే వీల్లేదు. కాబట్టి కనెక్షన్ల అంచనా, రేటు మొదటే సరిగ్గా వేసుకోవాలి. ఈ ఒక్క ముక్క మన మునిసిపాలిటీల్లో పనిచేసేవాళ్లు తప్పక చదవాలి.

సియాటిల్, బెల్‌వ్యూల్లోని మన తెలుగువాళ్లకు కూడా థ్యాంక్స్. మీ కుళాయిల్లో ఇప్పటికీ ఎక్కువగా వచ్చేది ఆ సెడార్ నీళ్లే. 1901 నాటి లింకన్ రిజర్వాయరు ఇప్పుడు పార్కు, నీళ్లు దాని కిందే ఉన్నాయని ఫొటోలతో సహా పంపారు. కాటెరిల్ వేయించిన పాతిక మైళ్ల సైకిల్ బాటల్లో కొంత ఇంటర్‌లేకెన్ బౌలెవార్డుగా మారింది. ఆ మలుపులన్నీ నడిచి చూసి, పాత పటంతో సరిపోల్చి గుర్తులు పెట్టి పంపిన దంపతులకు మనసారా కృతజ్ఞతలు. ఆ పటాన్ని వ్యాసంలో ఉన్నదున్నట్టు పెట్టాం.