కీబోర్డు పిల్లలకు టోన్ చేయడం కూడా నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

పద్దెనిమిదేళ్లుగా విజయవాడ, గుంటూరు పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకు కీబోర్డు వాయిస్తున్నాను. వేసవి వస్తే మా బెజవాడలో వీధికో కీబోర్డు క్లాసు తెరుస్తారు. పిల్లల వేళ్లు చక్కగా తిరుగుతున్నాయి. కానీ కావలసిన టోన్ (కీబోర్డు పలికించే వాద్యం గొంతు) నంబరు నొక్కడమే తప్ప, ఆ టోన్ లోపల ఏముందో వాళ్లకు ఎవరూ చూపించడం లేదు. ఆ బాధతోనే ఈ ఉత్తరం.

మొన్న మాఘమాసంలో గుంటూరులో ఒక పెళ్లి. సన్నాయి మేళం వాళ్ల బండి దారిలో ఆగిపోయింది. ముహూర్తం దగ్గరపడుతోందని పెద్దలు నన్నే సన్నాయి వాయించమన్నారు. కీబోర్డులో కంపెనీ ఇచ్చిన సన్నాయి టోన్ పెట్టి కల్యాణి రాగం అందుకున్నాను. కాసేపటికి మేళం పెద్దాయన వచ్చి, నా పక్కనే నిలబడి విని, "బాబూ, గాలి ఎక్కడ పీల్చుకుంటున్నావు?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మీట నొక్కి ఉంచినంతసేపూ రికార్డు చేసిన ముక్కే తిరిగి తిరిగి మోగుతుంది. బెండ్ చక్రం తిప్పితే నిషాదం వంగుతుంది గానీ, సన్నాయి పీకను (నోట్లో పెట్టుకుని ఊదే ముక్కను) పెదవులతో బిగించినప్పుడు వచ్చే పదును రాదు.

ఆ తర్వాత రెండు నెలలు రాత్రిళ్లు కూర్చున్నాను. రంపపు పళ్లలాంటి సా-టూత్ తరంగం (పదునైన ముడి శబ్దం) తీసుకుని, శబ్దంలో పదును తగ్గించే ఫిల్టర్‌ను కీబోర్డు మీది మాడ్యులేషన్ చక్రానికి కట్టాను. చక్రం పైకి తోస్తే గొంతు విచ్చుకుంటుంది, దించితే ముడుచుకుంటుంది. ఒకసారికి ఒక్క స్వరమే పలికేలా పెట్టి, ఒకదాన్నుంచి ఇంకొకదానికి జారేలా చేశాను. గాలి హోరులాంటి సన్నటి నాయిస్ కలిపాను. అది సన్నాయి కాదు, సన్నాయి అని ఎవరికీ చెప్పను కూడా. కానీ ఊపిరి తీసుకోవాల్సిన చోట ఇప్పుడు నా చెయ్యి దానంతటదే లేస్తోంది.

రెడీమేడ్ టోన్లు వద్దనను. పియానో, వయొలిన్ల గుంపు నేను చేసుకోలేను, పెళ్లి స్టేజీ మీద అవి కావాలి. అయితే 1983లో యమహా కంపెనీ డీఎక్స్7 అనే సింథ్ (శబ్దాన్ని తానే పుట్టించే కీబోర్డు) తెచ్చిన శబ్దాలన్నిటికీ మూలం ఒక మనిషి చెవి. 1967లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ అనే సంగీతకారుడు స్వరం ఊగే వేగాన్ని పెంచుకుంటూ పోయి వింటే, ఊపు మాయమై కొత్త నాదం పుట్టింది. డీఎక్స్7 పలికేది ఆ పద్ధతిలోనే. గమకం తెలిసిన మన పిల్లలకు ఈ సంగతి ఎంత దగ్గరగా అనిపిస్తుందో!

మాస్టార్లకు నా విన్నపం: వారానికి ఒక గంట పాట ఆపి, ప్రతి పిల్లాడి చేతా ఒక టోన్ చేయించండి. ఫోనులో ఉచితంగా దొరికే సింథ్ యాప్ చాలు. విజయవాడ ఘంటసాల ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల వారు సన్నాయి విద్వాంసుణ్ని, కీబోర్డు పిల్లల్ని ఒక పూట ఒకే గదిలో కూర్చోబెడితే, నా కీబోర్డూ రెండు స్పీకర్లూ తీసుకుని వస్తాను. డబ్బులేమీ వద్దు.

- ఒక కీబోర్డు వాద్యకారుడు, సత్యనారాయణపురం, విజయవాడ