సైన్యం ఖర్చు ఎవరి పద్దులో?

సంపాదకులకు నమస్కారం.

సినిమా వసూళ్ల లెక్కల్లో మన రాయలసీమ పేరు ఇప్పటికీ ‘సీడెడ్’. మా ఇంట్లో పిల్లలు ‘సీడెడ్‌లో ఎంతొచ్చింది’ అని ఫోన్లలో చూసుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. సైన్యం ఖర్చు కింద చేతులు మారిన నేలకు పడ్డ పేరది. రక్షణ ఖర్చుకూ కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాకూ ఉన్న ముడి గురించి మీ పత్రికలో చర్చ చూశాక ఈ నాలుగు ముక్కలు రాయాలనిపించింది.

ఈస్టిండియా కంపెనీ పటాలాలను తన ఖర్చుతో పోషిస్తానని 1798లో నిజాం ఒప్పుకున్నాడు. ఏటా 24 లక్షల రూపాయలకు పైగా కట్టాలి. రెండేళ్లకే, 1800లో, నగదుకు బదులు మైసూరు యుద్ధాల్లో తనకు దక్కిన నేలను శాశ్వతంగా రాసిచ్చేశాడు. బళ్లారి, అనంతపురం, కడపలతో పాటు మన మదనపల్లె, వాయల్పాడు కూడా అలాగే పోయాయి. ఆ ‘సీడెడ్’ నేలకే తెలుగులో ‘దత్తమండలాలు’ అని ముద్దుపేరు ఒకటి!

తిరుపతి వైపు కథ ఇంకా చేదు. ఆర్కాటు నవాబు యుద్ధపు బాకీ కింద తిరుమల గుడి రాబడినే కంపెనీకి అప్పగించాడు. ముడుపు కట్టుకుని కొండెక్కినవాళ్ల డబ్బు ఫిరంగుల ఖర్చుకు జమ అయింది. 1801కల్లా నవాబు రాజ్యమే కంపెనీ చేతికొచ్చింది. రెండుచోట్లా బిల్లు రాసిందీ వసూలు చేసిందీ ఒకరే.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో మాత్రం బ్రిటన్, భారత్‌లలో ఎవరి ఖర్చేదో కాగితం మీద పెట్టారు. శాంతికాలపు మామూలు ఖర్చు, పెరిగిన ధరల తేడా, ఈ దేశ రక్షణ కోసమే చేసిన ఏర్పాట్లు భారత్ పద్దులో. బయట పోరాడే మన సైన్యానికి కోటి రూపాయలు ఒకేసారి. మిగతాది బ్రిటన్ భరించాలి. యుద్ధం ముగిసేసరికి బ్రిటనే మనకు 130 కోట్ల పౌండ్ల దాకా బాకీ పడింది. ఆ అప్పు పేరుకునేలోపు ధరలు పెరిగి ఇక్కడి జనం ఎంత నలిగారో అది వేరే సంగతి.

ఇప్పుడు మనం ఎవరి పాలనలోని వలసా కాదు. రక్షణ కేంద్రం బాధ్యత, అది కేంద్ర జాబితాలో ఉంది. మా వీధిలోనూ ఆర్మీకి వెళ్లిన పిల్లలున్నారు, సైన్యానికి డబ్బెందుకని అడిగేవాణ్ణి కాదు. కానీ పన్నుల్లో రాష్ట్రాల వాటా ఎంతో సూచించే 15వ ఆర్థిక సంఘం పని సగంలో ఉండగా, 2019 జులైలో, రక్షణకూ అంతర్గత భద్రతకూ ప్రత్యేక నిధి సంగతి కూడా చూడమని కేంద్రం ఆ సంఘానికి చెప్పింది. సంఘం 2021-26కు 2.38 లక్షల కోట్ల నిధిని సూచించింది. ఆ డబ్బు తమ వాటాలోంచి పోతుందేమోనని రాష్ట్రాల్లో టెన్షన్ మొదలైంది అక్కడే. పన్ను పైన కేంద్రం అదనంగా వేసే సెస్సులు, సర్‌ఛార్జీల్లో ఎలాగూ రాష్ట్రాలకు వాటా రాదన్నది తెలిసిందే కదా.

మన ఎంపీలు పార్లమెంటులో ఒక్క ప్రశ్న అడిగితే బాగుంటుంది. ఇలాంటి నిధి ఎప్పుడు పెట్టినా, ఆ డబ్బు రాష్ట్రాల వాటా పంచాక తీస్తారా, పంచకముందే తీస్తారా?

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
తిరుపతి