భూసార పరీక్షలో కాడ్మియం కూడా చూడండి

సంపాదకుడు గారికి,

మా వేరుశనగ చేనికి ఇచ్చిన భూసార కార్డు మొన్న మళ్లీ తీసి చూశాను. నత్రజని, భాస్వరం, పొటాష్ నుంచి బోరాన్ దాకా 12 అంశాలు ఉన్నాయి. కాడ్మియం అనే విషపు లోహం మాత్రం లేదు. ఏటా డీఏపీయో సూపర్ ఫాస్ఫేటో వేస్తూనే ఉంటాం. ఆ ఎరువులు తయారయ్యే రాక్ ఫాస్ఫేట్‌లో కాడ్మియం ఎంతో కొంత ఉంటుంది. వేసిన ఎరువుతో పాటు అది నేలకు చేరుతుంది. ఆకుకూరలు, వేరుశనగ దాన్ని వేర్లతో పీల్చుకుంటాయి.

తిన్న కాడ్మియంలో మామూలుగా నూటికి 3 నుంచి 5 పాళ్లే ఒంటికి పడతాయి. మిగతాది మలంలో పోతుంది. ఇంతేనా అనిపిస్తుంది కానీ, ఒంటికి పట్టింది అంత తేలిగ్గా వదలదు. కాలేయంలో మెటల్లోథయోనిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కుంటుంది, మెల్లగా కిడ్నీలకు చేరి అక్కడే ఉండిపోతుంది. అందులో సగం తగ్గాలంటే 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది. ఈలోగా రోజూ తినేది దానికి తోడవుతూనే ఉంటుంది.

నాకు ఎక్కువ టెన్షన్ మా కోడలి గురించి. రెండో కాన్పు తర్వాత ఆమెకు రక్తం బాగా తగ్గింది. ఒంట్లో ఇనుము తక్కువైనప్పుడు పేగులు దాన్ని ఎక్కువగా లాక్కోవాలని చూస్తాయి. అదే దారిన కాడ్మియం కూడా లోపలికి వస్తుంది. అలాంటివాళ్లలో ఒంటికి పట్టేది నూటికి 10 పాళ్ల దాకా, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. ఒకే కుండలోని పప్పు తిన్నా నాకంటే ఆమెకే ఎక్కువ చేరుతుందన్నమాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. క్యాల్షియం తక్కువైనా ఇదే ఇబ్బంది. ఆ లెక్కన మన రాగిసంగటి కొంత మేలు చేస్తున్నట్టే.

జపాన్‌లో జింజు నది నీటితో పండిన బియ్యం తిని, ఎముకలు పెళుసై, కిడ్నీలు చెడి నరకం అనుభవించినవాళ్లలో ఎక్కువమంది పిల్లల్ని కన్న, వయసు మళ్లిన ఆడవాళ్లే. అది గని నుంచి వచ్చిన కాడ్మియం వల్లేనని అక్కడి ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది. మన అనంతపురంలో అంత ఉందని నేను అనడం లేదు. కొలవమని అడుగుతున్నాను.

వ్యవసాయ శాఖ భూసార పరీక్షలో కాడ్మియాన్ని చేర్చాలి. మురుగునీటి కాలువల పక్కన పండించే ఆకుకూరలను పరీక్షించి, ఫలితాలను రైతుబజార్లలో అంటించాలి. ఐరన్ మాత్రలు కాన్పు అయ్యాక కూడా ఆగకుండా ఇంటికే అందేలా చూడాలి.

ఇట్లు,
ఒక వేరుశనగ రైతు, అనంతపురం