ఉమ్ము టెస్టు గురించి సీనుగాడికి

ఒరేయ్ సీనూ,

నీ మెసేజ్ చూశాను. పిల్ల ఉమ్ము ట్యూబులో పెట్టి పంపితే అందులోని జన్యువులు, అదే జీన్స్, చూసి ఏ ఆటకి పనికొస్తుందో చెప్తారా? నీకు డబ్బులు ఎక్కువైనట్టున్నాయ్ రా. చెల్లెమ్మ వద్దంటోందన్నావ్ కదా, నా ఓటు ఆవిడకే.

జీన్స్‌లో ఏమీ లేదని కాదు, గట్టిగానే ఉంది. ఫిన్లాండ్‌లో ఏరో మాంట్యూరాంటా అని ఒకాయన ఉండేవాడు, స్కీలు కట్టుకుని మంచులో కిలోమీటర్లకి కిలోమీటర్లు పోవడమే ఆయన ఆట. 1964 ఒలింపిక్స్‌లో 15 కిలోమీటర్ల రేసులో ఈయన గెలిచేసరికి రెండోవాడు ఇంకా 40 సెకన్ల వెనకున్నాడు, అన్ని ఒలింపిక్స్ కలిపి ఈయన 7 పతకాలు కొట్టాడు. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ మనకి 14, 15 ఉంటే డాక్టరు బాగుందంటాడా, ఆయనకి 20 పైనే! రక్తంతో ఏదో మోసం చేస్తున్నాడని జనం అనుమానం. తీరా 1990ల్లో చూస్తే పుట్టుకతోనే జీన్‌లో చిన్న తేడా, ఎర్రకణాలు చాల్లే అని చెప్పే భాగమే తెగిపోయింది, ట్యాంకు నిండినా మోటారు ఆపే దిక్కు లేనట్టు. అలాగని శుద్ధపూసేం కాదులే, 1972లో యాంఫెటమైన్ అనే ఉత్తేజం మందు వాడాడని టెస్టులో దొరికాడు.

అసలు విషయం ఏంటంటే, వాళ్ల చుట్టాల్లో 97 మందిని పరీక్షిస్తే 29 మందికి అదే తేడా ఉంది, వాళ్లలో ఎక్కువమంది మామూలుగా బతికేసినవాళ్లే. ఈయన మాత్రం చిన్నప్పట్నుంచీ స్కీల మీదే, పైగా చేసింది సరిహద్దు కాపలా ఉద్యోగం.

ఇంక ఈ కిట్లవాళ్లు ఊదరగొట్టేది ఏసీటీఎన్3 అనే జీన్ గురించి, కండరాలు జోరుగా కదలడానికి సాయపడేది. అది పనిచెయ్యనివాళ్లు పెద్ద స్ప్రింటర్లలో చాలా అరుదు, నిజమే, కానీ ప్రపంచంలో దాదాపు అయిదింట నాలుగొంతుల మందికి అది పనిచేస్తూనే ఉంటుంది, నీకూ నాకూ ఉండే ఉంటుంది, మరి మనం బస్సు వెనకాల పరిగెత్తింది ఎప్పుడైనా అందిందా చెప్పు?

మన సింధునే చూడు. అమ్మానాన్నా ఇద్దరూ వాలీబాల్, నాన్న రమణ గారు 1986 ఆసియాడ్‌లో కాంస్యం గెలిచిన టీమ్‌లో ఉన్నారు, ఆ ఎత్తు ఎక్కడిదో అడగక్కర్లేదు. కానీ పిల్ల బ్యాడ్మింటన్ పట్టుకుంది, వాళ్లు సరేనన్నారు. ఏ రిపోర్టయినా ముందు వాలీబాలే చెప్పేదేమో!

నీ కూతురికి ఇప్పుడు ఖోఖో ఇష్టమంటున్నావ్‌గా, ఆ టెస్టు డబ్బులతో మంచి షూస్ కొనిపెట్టు. సైజు మాత్రం ఒకటి ఎక్కువ తీసుకో, ఆర్నెల్లకే పట్టవు.

నీ,
రాజుగాడు