జోజీకి, విభూది బుధవారం ముందర

ప్రియమైన జోజీ,

నీ ఉత్తరం అందింది. "ఈసారైనా తపస్కాలం పైపైన గడిచిపోకూడదు, ఏం మానెయ్యమంటావు, తీపి మానెయ్యనా, సినిమాలు మానెయ్యనా?" అని అడిగావు. మానెయ్యి, మంచిదే. కానీ నన్నడిగితే ముందు పాపసంకీర్తనానికి, అంటే గురువు (ఫాదర్) దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, తేదీ పెట్టుకో. తక్కినవన్నీ దాని చుట్టూ సర్దుకుంటాయి. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు తపస్కాలం, అంటే ఈస్టరుకు ముందటి ప్రాయశ్చిత్త కాలం, రోజుల లెక్క. విభూది బుధవారం నుంచి పవిత్ర శనివారం దాకా 46 రోజులు. ప్రభువు పునరుత్థానాన్ని తలుచుకునే ఆదివారాలు ఆరు తీసేస్తే 40. ఆదివారం ఒక్కపొద్దు ఉండమని శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, ఎప్పుడూ అడగదు. అర్చన క్రమంలో అయితే పవిత్ర గురువారం సాయంత్రపు పూజకు ముందే తపస్కాలం ముగిసి, ప్రభువు శ్రమలనూ పునరుత్థానాన్నీ తలుచుకునే పాస్కా త్రిదినాలు మొదలవుతాయి. చాలామంది పాపసంకీర్తనాన్ని ఆ చివరి వారానికే వాయిదా వేస్తారు. అప్పుడు వరస గుడి బయటి దాకా ఉంటుంది, గురువు అలసిపోయి ఉంటాడు, నీ వెనక ఇరవై మంది నిలబడి ఉంటారు, నాలుగు ముక్కలు గబగబా చెప్పి లేచి వచ్చేస్తావు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. ఆరు వారాల పాటు ఆ బరువు మోస్తూనే ప్రార్థనలూ ఒక్కపొద్దులూ చేస్తుంటావు. కాబట్టి మొదటి వారంలోనో రెండో వారంలోనో ఒకసారి వెళ్ళు. పవిత్ర వారానికి ముందు ఇంకోసారి వెళ్ళు. రెండోసారి వెళ్ళినప్పుడు మొదటిసారి చెప్పినవాటిలో ఏవి మళ్ళీ వచ్చాయో నీకే తెలుస్తుంది, నీ అసలు జబ్బు ఎక్కడుందో బయటపడుతుంది.

విభూది సంగతి. నుదుట పెట్టే ఆ బూడిద నిరుటి మ్రానికొమ్మలను కాల్చి చేసింది. ఈస్టరుకు ముందటి ఆదివారం హోసన్నా అంటూ ఊపిన కొమ్మలే అవి. పెట్టేటప్పుడు గురువు రెండు మాటల్లో ఒకటి చెబుతాడు: నువ్వు మట్టివి, మట్టిలోనే కలిసిపోతావని ఆదికాండం మాట, లేదా హృదయ పరివర్తన చెంది సువార్తను నమ్మమని మార్కు సువార్త మాట. విభూది జ్ఞానస్నానం లాంటి దివ్యసంస్కారం కాదు కాబట్టి ఎన్నేళ్ళు గుడికి దూరంగా ఉన్నవాళ్ళయినా తీసుకోవచ్చు. నీకు ఆ బెరుకు ఉందని తెలుసు, అందుకే రాస్తున్నాను. పూజలో ప్రభువు శరీరంగా అందుకునే సత్ప్రసాదం విషయం వేరు. ఘోరమైన పాపం మనసులో ఉంటే ముందు పాపసంకీర్తనం, ఆ తర్వాతే సత్ప్రసాదం.

ఒక్కపొద్దు నియమం మన పాతవాళ్ళు పెట్టుకున్న పేరులోనే ఉంది: పొద్దుకి ఒక్క పూటే కడుపునిండా భోజనం. విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) ఈ రెండు రోజులూ తప్పనిసరి. తక్కిన రెండు పూటలూ కొద్దిగా ఏదైనా తీసుకోవచ్చు, కానీ ఆ రెండూ కలిపినా ఒక పూర్తి భోజనం కాకూడదు. 18 ఏళ్ళు నిండినవాళ్ళ నుంచి 59 నిండేదాకా ఈ నియమం వర్తిస్తుంది. మాంసం మానడం 14 నిండిన ప్రతివాళ్ళకీ, ఆ రెండు రోజులతో పాటు శుక్రవారాల్లో కూడా. శుక్రవారాల నియమాన్ని ఆయా దేశాల పీఠాధిపతులు (బిషప్పులు) కొంత సడలించవచ్చు, కాబట్టి మీ ఫాదర్ గారిని అడిగి తెలుసుకో. జబ్బుతో ఉన్నవాళ్ళు, మందులు వేసుకునేవాళ్ళు, గర్భిణులు పట్టుబట్టి ఉండక్కర్లేదు. ఒక్కపొద్దు ఎక్కడ చెడుతుందో తెలుసా? సాయంత్రానికి ఆకలికి కోపం ఎక్కి ఇంట్లో వాళ్ళ మీద విరుచుకుపడినప్పుడు. విభూది బుధవారం తర్వాతి శుక్రవారం పూజలో యెషయా 58వ అధ్యాయం చదువుతారు. ఒక్కపొద్దు ఉంటూనే జగడాలాడేవాళ్ళనీ, కూలివాళ్ళను పిండేవాళ్ళనీ దేవుడు అక్కడ నిలదీస్తాడు. అది ఆ వారమే ఇంట్లో ఒకసారి చదువుకో.

ఇక ఆత్మశోధన. ఇక్కడే ఎక్కువ సమయం పెట్టమంటాను. నిద్ర ముంచుకొచ్చే వేళ వద్దు, మెలకువగా ఉన్న ఒక అరగంట చూసుకుని కాగితం, కలం పెట్టుకుని కూర్చో. ముందు పవిత్రాత్మను వెలుగు అడుగు. తర్వాత పది ఆజ్ఞలూ ఒక్కొక్కటే తీసుకో. ప్రతి ఆజ్ఞ దగ్గరా నాలుగు చోట్ల వెతుకు: తలపు, మాట, చేత, చెయ్యాల్సి ఉండీ చెయ్యకుండా వదిలేసింది. పూజ మొదట్లో ఒప్పుకునేది ఈ నాలుగే కదా. అందరూ మర్చిపోయేది ఆ నాలుగోదే.

ఒకటి చేసి చూపిస్తాను. కాగితం మీద "అబద్ధాలాడాను" అని రాశావనుకో. అక్కడే ఆగు. ఎవరితో ఆడావు? దేనికోసం? గుమ్మంలోకి వచ్చినవాణ్ణి పంపించెయ్యడానికి "ఆయన ఇంట్లో లేరు" అనిపించడం ఒకటి. తమ్ముడికి రావలసిన వాటా దాచిపెట్టడానికి "అప్పుడే ఖర్చయిపోయింది" అనడం ఇంకొకటి. రెండోది ఎనిమిదో ఆజ్ఞ దగ్గర ఆగదు, ఏడో ఆజ్ఞలోకి, అంటే దొంగతనంలోకి వెళుతుంది. "అబద్ధాలాడాను" అనే పెద్ద మాట కింద ఆ డబ్బు హాయిగా దాక్కుంటుంది. అందుకే ఘోరమైన పాపాలు ఏ రకమైనవో, ఎన్నిసార్లో చెప్పాలని శ్రీసభ చట్టం అడుగుతుంది. కచ్చితమైన లెక్క గుర్తులేకపోతే "నెలకి రెండు మూడుసార్లు, ఏడాదిగా" అన్నా చాలు. పాపం ఘోరమైనదని అనడానికి మూడూ ఉండాలి: విషయం పెద్దదై ఉండాలి, తెలిసి చేసి ఉండాలి, ఇష్టపూర్వకంగా చేసి ఉండాలి. ఇవి చూసుకోకపోతే ఒకడు ప్రతి చిన్నదానికీ వణికిపోతాడు, ఇంకొకడు పెద్దదాన్ని కూడా దులిపేసుకుంటాడు.

పశ్చాత్తాపం అంటే తర్వాత పుట్టే మంట. ఆ మంట ఒక్కటీ సరిపోదురా. యూదా ఇస్కారియోతును చూడు. తాను పాపం చేశానని ప్రధానార్చకుల ముందు ఒప్పుకున్నాడు, ముప్పై వెండి నాణేలూ తిరిగిచ్చేశాడు, దుఃఖపడ్డాడు. యేసు దగ్గరికి మాత్రం రాలేదు. పేతురు కూడా బయటికి వెళ్ళి వెక్కి వెక్కి ఏడ్చాడు, కానీ తిరిగి వచ్చాడు. ఇద్దరికీ తేడా అక్కడుంది. "నాకు ఏడుపు రావడం లేదు, నాది నిజమైన దుఃఖమేనా?" అని నువ్వు మథనపడుతున్నావు. కన్నీళ్ళు రావాలన్న నియమం ఏమీ లేదు. దేవుడి మీది ప్రేమతో కలిగే దుఃఖం ఉత్తమమైనది. శిక్షకు భయపడి, పాపమంటే అసహ్యం వేసి కలిగే దుఃఖంతో వచ్చినా ఈ సంస్కారంలో క్షమాపణ దొరుకుతుందని 1551లో శ్రీసభ పీఠాధిపతుల ట్రెంట్ మహాసభ స్పష్టంగా చెప్పింది. ఇక మీద చెయ్యనన్న తీర్మానం ఉండాలి, అంతే. మళ్ళీ పడిపోతానేమోనన్న భయం ఉన్నంత మాత్రాన తీర్మానం అబద్ధం అయిపోదు.

లోపలికి వెళ్ళాక: సిలువ గుర్తు వేసుకో. కిందటి పాపసంకీర్తనం అయి ఎన్నాళ్ళయిందో చెప్పు. పన్నెండేళ్ళయితే పన్నెండేళ్ళనే చెప్పు, గురువుకి అదేం కొత్త కాదు. అన్నిటికన్నా నోరు పెగలనిది ఏదో దాన్నే మొదట చెప్పు. చివరికి దాచుకుంటే గొంతులోనే ఉండిపోతుంది. కావాలని ఒక ఘోరమైన పాపం దాచావంటే ఆ పాపసంకీర్తనమే చెల్లదు, మళ్ళీ మొత్తం చెప్పుకోవాలి. నిజంగా మర్చిపోతే అదీ క్షమించబడినట్టే, గుర్తొచ్చినప్పుడు తర్వాతిసారి చెప్తే చాలు. భార్య తప్పులూ, పక్కింటివాళ్ళ తప్పులూ తీసుకురాకు, కథ పొడిగించకు. గురువు చెప్పిన ప్రాయశ్చిత్తం అర్థం కాకపోతే అక్కడే మళ్ళీ అడుగు. తర్వాత పాపాలకు దుఃఖపడుతూ చెప్పే ఉత్తమ మనస్తాప జపం చెప్పి, పాపవిమోచన మాటలు తల వంచి విను. ప్రాయశ్చిత్తం ఆ రోజే చేసెయ్, రేపటికి పెడితే మరుపొస్తుంది. కాగితం చించెయ్. నువ్వు చెప్పింది బయటికి వస్తుందేమోనన్న భయం అక్కర్లేదు. పాపసంకీర్తన రహస్యాన్ని, అంటే ఆ ముద్రను, నేరుగా భంగపరిచిన గురువు ఆ క్షణమే శ్రీసభ బహిష్కరణకు గురవుతాడు.

ఇంకా ఒక పని మిగిలే ఉంటుంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. క్షమాపణ దొరికినా నువ్వు చేసిన నష్టం అలాగే ఉంటుంది. తీసుకున్న డబ్బు తిరిగివ్వాలి. పేరు చెప్పలేకపోతే ఇంకెవరి చేతనైనా చేర్చవచ్చు. ఒకడి గురించి నలుగురి ముందు లేనిది చెప్పి ఉంటే, ఆ నలుగురి దగ్గరికీ వెళ్ళి అది నిజం కాదని చెప్పాలి. మరియమ్మకు యాభై మంగళవార్త జపాలు చెప్పినా ఆ పని తీరదు. తపస్కాలం ఇంత పొడుగ్గా ఉండడం ఇందుకు బాగా పనికొస్తుంది. వారానికొక్కరి చొప్పున పెట్టుకో.

దానధర్మాలకి ఒక చిన్న పద్ధతి: మానేసిన దాని ఖర్చు ఏ రోజుకారోజు తీసి పక్కన పెట్టు. దాచుకుంటే అది పొదుపు అవుతుంది గానీ దానం కాదు. ప్రార్థనకి కొత్తవేం వెతకకు, ఆ రోజు పూజ పఠనాలు చదువు, శుక్రవారం సిలువ మార్గం పద్నాలుగు స్థలాలూ చెయ్. తీర్మానాలు మూడుకి మించనీకు. పది పెట్టుకున్నవాళ్ళు రెండో వారానికే అన్నీ వదిలేస్తారు. ఒక రోజు తప్పిపోతే మర్నాడు మళ్ళీ మొదలుపెట్టు.

పవిత్ర శనివారం రాత్రి జరిగే పాస్కా జాగరణకి తప్పకుండా వెళ్ళు. వెలిగించిన కొవ్వొత్తి పట్టుకుని నిలబడితే, సైతానునూ వాడి పనులనూ త్యజిస్తున్నావా అని గురువు అడుగుతాడు. పసితనంలో జ్ఞానస్నానం పొందినప్పుడు నీ బదులు అమ్మా నాన్నా, జ్ఞాన తల్లిదండ్రులూ చెప్పిన జవాబు అది. ఈసారి ఆ మాట అనేటప్పుడు నీ తమ్ముడు పక్కనే ఉంటే బాగుంటుంది. వాడికి ఇప్పుడే ఉత్తరం రాయి.

నీ తేదీ ఖాయం చేసుకుని నాకు రాయి. ఆ రోజు నీ కోసం జపమాల చెబుతాను.

నీ మిత్రుడు