మన మహిళా సంఘం వార్షిక నివేదిక 2024–25: సినిమాలు, భోజనాలు, మాయాబజార్ ఆదివారం

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నియమావళిలో ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను. అంతకంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది. ఈ ఏడాది కొంతమంది చాలా కష్టపడ్డారు, ఆ సంగతి అందరికీ తెలియాలి. విజయవాడలో మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో, హీరోయిన్ పాత్ర తీసేస్తే కథ నిలబడని సినిమా నెలకొకటి, బయట ఓ భోజనం అనే పద్ధతి ఎలా వచ్చిందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నేరుగా విషయంలోకి వస్తాను.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా ఏడు సినిమాలు చూశాం. అయిదు హాల్లో, రెండు మనమే వేసుకున్నవి. బయట భోజనాలు తొమ్మిది. నెలకొకటి అనుకున్నాం కానీ ఏప్రిల్, మే నెలలు పిల్లల పరీక్షలు, ఎన్నికలు, ఎండలతోనే సరిపోయాయి. జూన్‌లో సత్యభామ సినిమాతో మొదలుపెట్టాం. కాజల్ పోలీసు ఆఫీసర్‌గా చాలా కష్టపడింది, ఫైట్లు కూడా నమ్మేలా చేసింది, కథే ఆమెకు సాయం చేయలేదు అని మనలో ఎక్కువమంది అన్నారు. దాని మీద మాటా మాటా పెరిగి, అసలు తెలుగులో పోలీసు అంటే విజయశాంతే అని పెద్దవాళ్లు, ఆ సినిమా మేం చూడనేలేదని చిన్నవాళ్లు వాదించుకుని, చివరికి జూలైలో కోశాధికారి గారింట్లో 1990 నాటి కర్తవ్యం పెట్టుకుని చూశాం. జాతీయ అవార్డు ఊరికే ఇవ్వలేదని ఆ రోజు అందరూ ఒప్పుకున్నారు. ఇరవై ఒక్కమంది హాల్లో, వంటింటి గుమ్మంలో, మెట్ల మీద సర్దుకుని కూర్చున్నారు. ఇల్లు ఇచ్చిన కోశాధికారి గారికి, మూడు గంటల సేపు మేడ మీదికి వెళ్లి కూర్చున్న వారి శ్రీవారికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఆగస్టు భోజనం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు రానివాళ్లకు సగం సగం వార్తలు చేరాయి. ఒక ఏసీ రెస్టారెంట్‌కి వెళ్లాం, పేరు వద్దు. పద్నాలుగు మందిమి బిర్యానీలు పంచుకుని తిన్నాం, మనిషికి రెండు వందలు దాటకూడదన్న మన హద్దులోనే 2,660 రూపాయలు అయింది. బిల్లు వచ్చాక చూస్తే అయిదు శాతం జీఎస్టీ కాకుండా, దానికి పైన పది శాతం సర్వీస్ చార్జి అని 266 రూపాయలు కలిపేశారు. అడిగితే అది తమ పాలసీ అన్నారు. మన కోశాధికారి గారు గొంతు పెంచలేదు, ఫోన్‌లో 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు తీసి, సర్వీస్ చార్జి మాకు ఇష్టమైతే ఇస్తాం, మీరు బిల్లులో కలపకూడదు, లేదంటే ఇక్కడే కూర్చుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాం అన్నారు. పది నిమిషాల్లో కొత్త బిల్లు వచ్చింది. వడ్డించిన అబ్బాయికి విడిగా నూరు రూపాయలు చేతికిచ్చి వచ్చాం, అతను బాగా చూసుకున్నాడు కాబట్టి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మార్గదర్శకాలు సరైనవేనని తీర్పు ఇచ్చింది. ఇంట్లోవాళ్లతో వెళ్లినా సరే, ఇకమీదట బిల్లు కింది నుంచి పైకి ఒకసారి చదవండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు, మన డబ్బు.

సెప్టెంబర్ గురించి ఎలా రాయాలో నాకు తెలియడం లేదు. బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు మన సభ్యుల ఇళ్లలోకి కూడా నీళ్లొచ్చాయి, ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం పదకొండు లక్షల క్యూసెక్కులు దాటింది. సినిమాల ఫండు అని వేరుగా దాచిన డబ్బు మొత్తం ఆ వారంలోనే పులిహోర పొట్లాలకు, నీళ్ల సీసాలకు అయిపోయింది. దానికి ముందుగా కమిటీ తీర్మానం తీసుకోలేదు, తీసుకునే టైమ్ లేదు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే సమావేశంలో అడగండి, నేను జవాబు చెబుతాను. పొట్లాలు కట్టినవాళ్లలో ముగ్గురి ఇళ్లు అప్పటికే మునిగి ఉన్నాయి. మునిగిన ఇంటి నుంచి వచ్చి ఇంకొకరి కోసం పులిహోర కలిపిన ఆ ముగ్గురినీ ఈ నివేదికలో అందరికంటే ముందు చెప్పాల్సింది, వరసలో ఇక్కడికి వచ్చారు.

ఆ నెలాఖరులో, ఇక ఈ ఏడాదికి సినిమాలు చాలు అనుకుంటున్నప్పుడు, సింగ్‌నగర్ అక్కే ఫోన్ చేసి, "ఇల్లు కడిగీ కడిగీ చేతులు పడిపోయాయి, నన్ను ఒక సినిమాకి తీసుకెళ్లండి" అంది. అప్పుడు వెళ్లిందే 35 చిన్న కథ కాదు. తిరుపతిలో బస్సు కండక్టర్ భార్య, పెద్దగా చదువుకోని సరస్వతి, లెక్కల్లో సున్నా దగ్గర ఆగిపోయిన కొడుకు కోసం తను పుస్తకం పట్టుకుంటుంది. నివేదా థామస్ ఆ పాత్రలో ఎక్కడా హీరోయిన్‌లా కనిపించదు, మన పక్కింటి ఆవిడలాగే చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ లెక్క చేస్తుంది. నాకు ఈ ఏడాది చూసిన కొత్త సినిమాల్లో ఇదే మొదటిది. బయటికి వచ్చాక గాంధీనగర్ బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిన్నాం. ఆ అక్క మూడు ప్లేట్లు తింది, నెల రోజుల తర్వాత కూర్చుని వేడిగా తినడం ఇదే అంది.

నవంబర్‌లో అమరన్. తెలుగులోకి డబ్ అయిన సినిమా కదా అని మొదట కొందరు వెనక్కి తగ్గారు కానీ, సాయిపల్లవి చివర్లో కన్నీళ్లు రాకుండా నిలబడి వీరమరణం పొందిన భర్తకు ఇచ్చిన అశోక చక్ర పతకాన్ని అందుకునే చోట మన వరసంతా ఏడ్చింది. జనవరిలో సంక్రాంతికి వస్తున్నాం. పండగ సినిమాలకు రేట్లు పెంచుకోనిచ్చారు కాబట్టి అవి తగ్గేదాకా ఆగి వెళ్లాం. "హీరోయిన్ పాత్ర తీసేస్తే కథ నిలబడకూడదు" అనే మన రూలుకి అది సరిపోతుందా లేదా అని వాట్సాప్‌లో రెండు రోజులు గొడవ. నా మాట చెబుతాను. భాగ్యం పాత్ర లేకపోతే ఆ సినిమాలో నవ్వే లేదు, ఐశ్వర్య రాజేశ్ ఆ గోదావరి యాస పట్టిన తీరు చూస్తే ఆమె మేనత్త, హాస్యనటి శ్రీలక్ష్మి గుర్తొచ్చింది. నవ్వించే ఆడవాళ్ల నటనను మనం ఎప్పుడూ తక్కువగానే చూస్తాం, అది తప్పు. ఫిబ్రవరిలో తండేల్, మళ్లీ సాయిపల్లవి, శ్రీకాకుళం అమ్మాయిగా. అప్పటికి సభ్యులు తగ్గి తొమ్మిదిమందే వచ్చారు.

ఇక డిసెంబర్ 29. ఈ నివేదికలో ఎక్కువ చోటు దీనికే ఇస్తున్నాను, క్షమించాలి.

డిసెంబర్ 26 సావిత్రి గారి వర్ధంతి. గురువారం పడింది కాబట్టి ఆ ఆదివారం కమ్యూనిటీ హాల్లో మాయాబజార్ వేద్దాం, సినిమా అయ్యాక అందరం బంతిలో కూర్చుని తిందాం అని నవంబర్‌లోనే తీర్మానం చేశాం. సావిత్రి గారు పుట్టిన చిర్రావూరు కృష్ణ అవతలే కదా, మన ఊళ్లో ఆవిడ పేరు మీద ఇంత చిన్న పనైనా చేయకపోతే ఎలా అని మన అధ్యక్షురాలి పట్టుదల. హాలు కోసం ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాం. మొదటిసారి సార్ లేరు, రెండోసారి మీటింగ్‌లో ఉన్నారు, మూడోసారి దరఖాస్తు కనిపించడం లేదు మళ్లీ రాసివ్వండి అన్నారు, నాలుగోసారి ఆడవాళ్లు సినిమా చూడ్డానికి హాలెందుకమ్మా అని అడిగారు. పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు ఇచ్చే హాలే అది. అధ్యక్షురాలు అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుని, సంతకం అయ్యేదాకా లేవలేదు. 27 సాయంత్రం చేతికి కాగితం వచ్చింది. ఆ నలభై ఎనిమిది గంటలు మా టెన్షన్ మాకే తెలుసు.

వాలంటీర్ల సంగతి కూడా ఉన్నదున్నట్టు రాస్తాను. గ్రూపులో పదకొండు మంది వస్తామని బొటనవేలు గుర్తు పెట్టారు. ఆదివారం పొద్దున ఏడింటికి హాలు తుడవడానికి, కుర్చీలు వేయడానికి వచ్చింది నలుగురు. అందులో ఇద్దరు అరవై దాటినవాళ్లు. మిగిలినవాళ్లకు ఇళ్లల్లో ఇబ్బందులు ఉండొచ్చు, కాదనను, కానీ ముందు రోజు రాత్రి ఒక్క మాట చెబితే ఇంకొకరిని పిలుచుకునేవాళ్లం. తొంభై కుర్చీలు నలుగురు ఆడవాళ్లు మోశారు. తర్వాత ఫోటోల్లో మాత్రం అందరూ ఉన్నారు.

అరవై నాలుగు మంది వచ్చారు, మగవాళ్లు, పిల్లలు కూడా కలిపి. ముందు వరసలో మన పెద్దావిడ, అందరం అమ్మమ్మ గారని పిలిచేవారు, ఆవిడకు 78 ఏళ్లు. 1957లో ఈ సినిమా వచ్చినప్పుడు తండ్రి భుజాన కాదు, నడిచే వెళ్లి చూశానని గట్టిగా చెప్పారు. శశిరేఖ వేషంలో ఘటోత్కచుడు వచ్చే చోటు దగ్గర పడుతుంటే ఆవిడ చెయ్యెత్తి అందర్నీ మాట్లాడొద్దన్నారు. ఆ ఘట్టం మేం మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాం. అదే చీర, అవే నగలు, కానీ ఒక్కసారిగా భుజాలు విచ్చుకుంటాయి, కనుబొమ్మ ఎగురుతుంది, అడుగు బరువుగా పడుతుంది, ఆ చీరలోంచి రంగారావు గారు కనిపిస్తారు. ఎవరో వస్తున్న అలికిడి కాగానే తల వాలిపోయి మళ్లీ పెళ్లికూతురు. ఆ మారడం రెప్పపాటులో అయిపోతుంది. "ఇది మేకప్‌తో వచ్చేది కాదు తల్లీ, ఒంట్లోంచి రావాలి" అన్నారు అమ్మమ్మ గారు. ఇంటర్ చదివే పిల్లలు ఇద్దరు మూడోసారి తిప్పినప్పుడు లేచి తెర దగ్గరికెళ్లి ఆ నడక నడిచి చూశారు, ఒక్కరికీ రాలేదు.

భోజనం సత్యనారాయణపురంలో మనం ఎప్పుడూ తినే మెస్ నుంచి. విస్తరికి 110 రూపాయలు. బూరె, పులిహోర, ముద్దపప్పు, గుత్తి వంకాయ, గోంగూర, సాంబారు, గడ్డ పెరుగు, ఎంత అడిగితే అంత. ఆ మెస్ నడిపే ఆవిడ గిన్నెలు దింపించి వెళ్లిపోతుంటే, కూర్చోండి అని మన వదిన చెయ్యి పట్టుకుంది. సినిమా మొదట్నుంచీ చూశారు. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో రోజూ రెండు పూటలా నూరు మందికి వండుతున్నాను, మధ్యలో లేవకుండా ఒక సినిమా మొత్తం చూడడం ఇదే అన్నారు. బంతి వేసినప్పుడు ఆవిడను వడ్డించనివ్వలేదు. మన సభ్యులే వడ్డించారు, ఆవిడ మొదటి బంతిలో తిన్నారు, వంకాయ కూరలో ఉప్పు ఒక చిటికెడు తగ్గిందని తనే చెప్పారు. నాకు ఈ ఏడాది మొత్తంలో గుర్తుండిపోయేది ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి, "మళ్లీ ఎప్పుడు వేస్తారు" అని అడిగిన ఆ క్షణం.

ప్రొజెక్టర్ ఉచితంగా తెచ్చిచ్చి, రెండుసార్లు కరెంటు పోయినా విసుక్కోకుండా జనరేటర్ చూసుకున్న ఎలక్ట్రీషియన్ తమ్ముడికి, హాలు వాచ్‌మన్ దంపతులకు, అమ్మమ్మ గారిని ఇంటి నుంచి తీసుకొచ్చి దింపి డబ్బు పుచ్చుకోని ఆటో అన్నకు, కుర్చీలు మోసిన ఆ నలుగురికీ, పేరుపేరునా కృతజ్ఞతలు.

లెక్కలు క్లుప్తంగా. సభ్యత్వాలు, విరాళాలు కలిపి వచ్చింది 38,400. ఖర్చు 37,150, అందులో వరద పొట్లాలకు పోయింది 9,800. చేతిలో ఉన్నది 1,250. రసీదులు కోశాధికారి గారి దగ్గర ఫైల్లో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. సెప్టెంబర్ నెలలో రెండు ఆటో ఖర్చులకు రసీదుల్లేవు.

వచ్చే ఏడాదికి రెండు విషయాలు తేల్చాలి. ఒకటి, నెలకు నూరు రూపాయల చందా నూట యాభై చేయాలా అని. నూరు దాటిన టికెట్ మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ పడుతోంది, మెస్‌లలో కూడా విస్తరికి పదీ ఇరవై పెరిగాయి. రెండోది, అయిదు రూపాయల అన్న క్యాంటీన్‌కి ఒకసారి వెళ్దామని కొందరు అడిగారు. ఆగస్టులో మళ్లీ తెరిచినప్పటి నుంచి భోజనం బాగుందనే నేనూ విన్నాను. కానీ అక్కడ క్యూలో ఉండేది కూలికి వెళ్లేవాళ్లు, ఆసుపత్రిలో రోగుల దగ్గర ఉండేవాళ్లు. మనకు నూట పది పెట్టే స్తోమత ఉంది కదా, వాళ్ల ప్లేటు మనం తీసుకోవడం నాకు ఇష్టం లేదు. సమావేశంలో మెజారిటీ ఎటంటే అటు.

జూన్ నుంచి శారద గారి సినిమాలు వరసగా చూద్దామని అధ్యక్షురాలి ప్రతిపాదన. తెనాలి ఆడపడుచు, మూడుసార్లు జాతీయ ఉత్తమ నటి, మనలో సగం మందికి నిమజ్జనం అనే సినిమా ఉందని కూడా తెలియదు. దాని కాపీ ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి చెప్పండి.

హాలు మళ్లీ బుక్ చేయాలంటే ఆఫీసుకి వెళ్లడానికి ఈసారి నాతో పాటు ఇద్దరు కావాలి. వచ్చేవాళ్లు గ్రూపులో గుర్తు పెట్టకుండా నాకు ఫోన్ చేయండి.

ఇట్లు,
కార్యదర్శి